బస్తా ఎక్కువ పడితే పాపం పోతుంది

అల్లుడూ,

అనంతగిరి ఎగువన ఏదో గూడెంలో నీకు మొదటి కాంట్రాక్టు దక్కిందని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. అంగన్‌వాడీకి ఒక గది, దాని మీద స్లాబు, ముందు చిన్న సీసీ రోడ్డు. సంతోషం. ఎస్.కోట నుంచి ఘాటీ ఎక్కి ఇన్నేళ్లు పనులు చేసినవాణ్ణి, పైగా మేనమామని. నేను చెప్పకపోతే నీకెవరు చెబుతారు? కాయితం మీద రాసి పంపుతున్నాను. చదివి చింపెయ్.

ఈమధ్య ఎవరిని కదిపినా ఒకటే పాట: సిమెంటు తగ్గించాలి, భూమిని కాపాడాలి. మనుషులు గాల్లోకి వదిలే కార్బన్ డయాక్సైడులో ఏడెనిమిది శాతం సిమెంటు వల్లేనట. టన్ను క్లింకరు, అంటే సిమెంటుగా నూరే గడ్డలు, తయారైతే దాదాపు 850 కిలోల వాయువు బయటికొస్తుందట. అందులో బొగ్గు మంట వాటా సగానికన్నా తక్కువే, మిగిలిందంతా సున్నపురాయి తనలోంచి వదిలేదే. మన బొర్రా గుహలే చూడు. వాననీటిలో కలిసిన ఆ వాయువే రాయిని కరిగించింది. పైకప్పు నుంచి చుక్క జారేటప్పుడు అది తప్పించుకుంటే, సున్నం పేరుకుని అంతంత ఊడలు దిగాయి. వేల ఏళ్ల పని అది. బట్టీలో అదే రాయిని కాల్చి ఆ వాయువును ఒక పూటలో తరిమేస్తారు. క్లింకరు దిగేసరికి వేడి 1,450 డిగ్రీలకు చేరుతుంది. అయితే మనకేటి? బట్టీ మన ఊళ్లో లేదు కదా.

నా సిద్ధాంతం ఒక్కటే. బస్తా ఎక్కువ పడితే పాపం పోతుంది. రాయి మెత్తగా ఉందా, ఇంకో బస్తా. ఇసుకలో మట్టి ఉందా, ఇంకో బస్తా. నీళ్లు ఎక్కువయ్యాయా, ఇంకో బస్తా. మేస్త్రి రాత్రి కల్లు దిగకుండానే పనిలోకి వచ్చాడా, రెండు బస్తాలు. చదువుకున్నవాళ్లు దీన్నే తలకిందులుగా చెబుతారు: రాయి, నీళ్లు, తడపడం సరిగ్గా చూసుకుంటే బస్తాలు వాటంతటవే తగ్గుతాయని. అంత చూసుకునే ఓపిక ఉంటే కాంట్రాక్టరు ఎందుకయ్యాం?

కొట్లో బస్తాలు కొనేటప్పుడు

53 గ్రేడే అడుగు. అంకె పెద్దది కాబట్టి అదే మంచిది, ఇంకేం ఆలోచించకు. షాపువాడు పీపీసీ తీసుకోమంటాడు. అది బూడిద కలిపిన సరుకని మొహం మీదే చెప్పెయ్. అబద్ధం కూడా కాదు. ఐ.ఎస్. 1489 లెక్క ప్రకారం అందులో 15 నుంచి 35 శాతం దాకా ఫ్లైయాష్ ఉండొచ్చు. స్లాగు సిమెంటయితే మరీ అన్యాయం, 25 నుంచి 70 శాతం దాకా ఉక్కు కొలిమి స్లాగే. ఘాటీ దిగితే పరవాడలో 2,000 మెగావాట్ల సింహాద్రి థర్మల్ కేంద్రం ఉంది, ఆ పక్కన విశాఖ ఉక్కు ఉంది. ఒకరి బూడిద, ఒకరి స్లాగు. సిమెంటు నీళ్లతో కలిసినప్పుడు కొంత సున్నం ఊరికే మిగిలిపోతుందని, బూడిద దాన్ని పట్టుకుని మెల్లగా గట్టిపడుతుందని, 28 రోజుల తర్వాత కూడా బలం పెరుగుతూనే ఉంటుందని ఇంజినీర్లు చెబుతారు. మెల్లగా అన్నారు, విన్నావా? మనకి మెల్లగా వచ్చేది బిల్లు ఒక్కటి చాలు.

కాటన్ దొరకి పాపం 53 గ్రేడు దొరకలేదు. 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్టని సున్నంతోనే కానిచ్చేశాడు. తుంగభద్ర డ్యాములోనూ సుర్కీ వాడారట, అంటే కాల్చిన మట్టిపొడి కలిపిన సున్నం. అంత గోదావరికి అడ్డంగా సున్నం పెట్టిన మనిషిని జనం దేవుణ్ణి చేసి పెట్టుకున్నారు. అదృష్టం అంటే అదే.

ఇంకో కొత్త గొడవ కూడా వచ్చింది. కాల్చిన బంకమట్టి, కాల్చని సున్నపురాయి పొడి కలిపి, క్లింకరుని సగానికి దించిన సిమెంటు. 2023లో దానికి ఐ.ఎస్. 18189 అని నంబరు కూడా ఇచ్చారు. దానికి పనికొచ్చే తెల్లమట్టి మన కొండల్లోనూ ఉంటుంది, కొండలైటు రాయి కుళ్లితే వచ్చేది అదే. కానీ తవ్వుదామంటే 1997 నాటి సమత తీర్పు అడ్డం. ఆ కేసు పుట్టింది మన అనంతగిరి మండలం బొర్రా దగ్గరే. షెడ్యూల్డ్ ఏరియాలో భూమిని గనుల కోసం గిరిజనేతరులకి సర్కారు కూడా లీజుకివ్వకూడదని సుప్రీంకోర్టు చెప్పేసింది. ఇస్తే గిరిజనుల సొసైటీలకి ఇవ్వొచ్చు. అంటే మనం వెళ్లి వాళ్లని అడగాలి. అడగడం మన ఇంటా వంటా లేదు.

బస్తాలన్నీ ఒకేసారి కొనేసి జూన్‌లోనే పైకి చేర్చు. గూడెంలో ఏదో ఒక గది ఇస్తారు. నేల మీద, గోడకి ఆనించి పేర్చు. కింద చెక్కలు వెయ్యకు, పైన పట్టా కప్పకు. మూడు నెలలు నిలవుంటే సిమెంటు బలం అయిదో వంతు పోతుందని పుస్తకాల్లో ఉంది. అది కింద పొడి వాతావరణం సంగతి. అరకు మంచులో, శ్రావణం వానల్లో ఇంకెంత పోతుందో పుస్తకం వాడికేం తెలుసు! గడ్డకట్టిన బస్తాని సుత్తితో గుద్ది వాడెయ్. చాలదనిపిస్తే మందు తెలుసుగా, ఇంకో బస్తా.

తగ్గించేవాళ్లలో మనవాళ్లు

సిమెంటు తగ్గించమంటే చెవికోసుకునే కాంట్రాక్టర్లూ ఉన్నారు, వాళ్ల దారి వేరు. ఎనిమిది బస్తాలు వెయ్యాల్సిన చోట ఆరు వేస్తారు, రెండు ఎస్.కోట చేరతాయి. అడిగితే గ్రీన్ కాంక్రీటు అంటారు. ఐ.ఎస్. 456 ఇనుము వేసిన కాంక్రీటుకి ఘనమీటరుకి కనీసం 300 కిలోలు ఉండాలని గీత గీసింది. బూడిదో స్లాగో లెక్కగా కలిపితే ఆ 300లో వాటినీ జమ కట్టుకోవచ్చు. బస్తా గోడ దాటితే మాత్రం దేనిలోకీ జమ రాదు. నిన్ను ఆ పని చెయ్యమని నేను చెప్పను. మన వంశం ఎక్కువ వేసి చెడగొట్టే వంశం, తక్కువ వేసి చెడగొట్టేది కాదు.

రాయి, ఇసుక

ఇది చాలా ముఖ్యం కాబట్టి ఇక్కడ కాస్త నిలబడు.

మంచి కంకర అంటే క్రషర్ నుంచి వచ్చే నల్లరాయి. చార్నకైటు అంటారు. దాన్ని ఘాటీ మీదికి లారీలో తేవాలి, కిరాయి. మరి రోడ్డు పక్కన కొండ విరిగిపడి ఎర్రగా, జేగురు రంగులో రాయి ఊరికే ఉంది కదా! అది కొండలైటు. కొత్తగా పగిలినది కొంత నయం గానీ ఎండకి ఎండి వానకి నానినది చేత్తో నలిపితే పొడవుతుంది, నీళ్లు పీలుస్తుంది. అదే కొట్టించి వాడు. కొండ తనంతట తాను ఇచ్చింది కాదంటే తప్పు.

సైజుల గొడవ పెట్టుకోకు. ముప్పావు కంకర ఒక్కటే తెప్పించు. రెండు రకాలు తెప్పిస్తే రెండు కుప్పలు, రెండు లెక్కలు. నేను పోయినేడాది చేసిన గూడెంలో డిప్లొమా చదివి వచ్చిన కుర్రాడొకడు ఉండేవాడు, వాణ్ణి తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. పని దగ్గరికొచ్చి పది లీటర్ల బకెట్ అడిగాడు. దాని నిండా ముప్పావు కంకర పోసి, లీటరు మగ్గుతో నీళ్లు కొలిచి పోశాడు. అంచుదాకా రావడానికి నాలుగున్నర మగ్గులు పట్టాయి. అంటే బకెట్లో దాదాపు సగం ఖాళీ. నీళ్లు వంపేసి, ఆరు పాళ్లు ముప్పావు కంకరకి నాలుగు పాళ్లు సన్న చిప్స్ కలిపి మళ్లీ పోశాడు. నాలుగు మగ్గులకే నిండిపోయింది. ఆ తర్వాత సందుల్లోకి ఇసుక జార్చి కుదిపాడు. మూడు మగ్గులు కూడా పట్టలేదు. చుట్టూ కూలికొచ్చిన ఆడవాళ్లు చూస్తున్నారు. వాడు మగ్గు చూపించి, 'ఈ ఖాళీని నింపేదే సిమెంటు పాలు. ఖాళీ రాయితో నింపుతారా, బస్తాతో నింపుతారా?' అన్నాడు. వాళ్ల నాయనమ్మ అనుకుంటాను, 'బస్తా మోసేది మేమేగా, రాయితోనే నింపండి బావూ' అంది. అందరూ నవ్వారు.

ఆ ముసలమ్మ మాటలో లెక్క ఉంది, అదే నా బాధ. మూడొందల చదరపుటడుగుల గది, అయిదంగుళాల స్లాబు. మూడున్నర ఘనమీటర్ల కాంక్రీటు. ఒకటికి ఒకటిన్నర, మూడు పాళ్లని పెట్టెలతో కొలిచి పోస్తే ఘనమీటరుకి ఎనిమిది బస్తాలు, మొత్తం ఇరవై ఎనిమిది. మంచి రాయి రెండు సైజుల్లో తెచ్చి, మిక్స్ డిజైన్ చేయించి, బస్తాకి పావు లీటరో అర లీటరో ప్లాస్టిసైజర్ పోసి, ఘనమీటరుకి 320 కిలోలతో అదే బలం, అంటే ఎం-20 కాంక్రీటు, దించొచ్చు. ఇరవై మూడు బస్తాలు. అయిదు మిగులుతాయి. రోడ్డు ఆగిపోయిన చోటి నుంచి గూడెం దాకా అయిదు బస్తాల బరువు ఎవరి నెత్తి మీదికీ ఎక్కదు. డోలీలో మనిషిని దించే దారి అది, బస్తాలు ఎక్కేదీ దాని మీదే. కానీ మోత కూలి ఎస్టిమేటులో ఉంది కదా. మోత తగ్గితే అదీ తగ్గుతుంది. అందుకే బకెట్ అడిగితే ఇవ్వకు. లేదని చెప్పు.

ఇసుక సంగతి. గెడ్డలో తడి ఇసుకే వాడు. తడి ఇసుక ఉబ్బుతుంది. అయిదు శాతం తేమ ఉంటే పెట్టెలో పాతిక శాతం దాకా ఎక్కువ జాగా తినేస్తుంది. నువ్వు పెట్టె నిండా కొలిచానని అనుకుంటావు, లోపల పడేది పెట్టెలో అయిదింట నాలుగు వంతులే. ఇసుక తగ్గుతుంది, రాళ్ల మధ్య సందులు మిగులుతాయి, సెంట్రింగ్ విప్పాక స్లాబు అడుగు తేనెపట్టులా కనిపిస్తుంది. అప్పుడు దాని మీద పూత పూస్తాం. పూతకి ఇంకా సిమెంటు. చూశావా, అంతా కలిసొస్తుంది.

నీళ్లు

సిమెంటు డబ్బు పెట్టి కొన్నది, నీళ్లు ఊట నుంచి వచ్చినవి. ఊరికే వచ్చేదాన్ని ధారాళంగా వాడు. బస్తాకి పాతిక లీటర్లు చాలంటారు. అంత తక్కువ వేస్తే మాలు గట్టిగా ఉంటుంది, తట్టలోంచి జారదు, వైబ్రేటర్ పెట్టాలి. వైబ్రేటర్ పైకి మొయ్యాలి, దానికి పెట్రోలు మొయ్యాలి. ఇంకో బిందె వంచితే మాలు తనంతట తానే పారుతుంది, కర్రతో గీరితే చాలు. పాతికకి బదులు ముప్పై అయిదు లీటర్లు పడితే బలం మూడో వంతు దాకా పోతుందని అంటారు. ఆ పోయిన బలాన్ని సిమెంటుతో కొనుక్కోవాలంటే ఇంకెన్ని బస్తాలు కావాలో లెక్కేసుకో. మన వ్యాపారం నడిచేదే ఆ బిందె మీద.

తడి ఇసుకలో అప్పటికే ఉన్న నీళ్లని లెక్కలోంచి తీసెయ్యమని ఏఈ గారు అంటారు. తల ఊపు. ఊపడానికి ఖర్చు లేదు.

మంచు, చలి

స్లాబు పోశాక తడపాలంటారు. మామూలు సిమెంటుకి ఏడు రోజులు, బూడిద సిమెంటుకి పది రోజులు తగ్గకూడదట. ఎందుకు? అరకులో పొద్దున్నే అంత మంచు కురుస్తుంటే! పైకి తడిగా కనిపిస్తే లోపలా తడే అనుకో. మధ్యాహ్నం గాలి లేస్తే ఆ తడి గంటలో ఆరిపోతుందన్న సంగతి తలుచుకోకు. మడి కట్టి నీళ్లు నిలపడం, గోనెపట్టాలు పరచడం మైదానం వాళ్ల పని.

సిమెంటు తక్కువున్న మిక్సుకే ఈ తడి ఎక్కువ కావాలి, ఎందుకంటే బూడిద మెల్లగా పనిచేస్తుంది. నీళ్లు ఆగిపోతే దాని పనీ ఆగిపోతుంది, అప్పుడు పీపీసీ పనికిరాదని మనమే ఊరంతా చెప్పొచ్చు. మంచి ఏర్పాటు.

చలికాలంలోనే స్లాబు పెట్టుకో. సెంట్రింగ్ ఎప్పుడు విప్పాలో ఐ.ఎస్. 456లో పట్టిక ఉంది. నాలుగున్నర మీటర్లలోపు స్లాబుకి ఊతకర్రలు ఏడు రోజులు ఉండాలంటుంది. ఆ లెక్క మామూలు సిమెంటుకి, వేడి 15 డిగ్రీలకి తగ్గని చోటికి. ధనుర్మాసంలో అరకులో రాత్రి వేడి ఒక అంకెలోకి దిగుతుంది, లంబసింగిలో గడ్డి మీద మంచు పేరుకుంటుంది. అలాంటప్పుడు రోజులు పెంచాలి, పీపీసీ అయితే ఇంకా పెంచాలి. నువ్వు మాత్రం ఏడో రోజు పొద్దున్నే విప్పెయ్. సెంట్రింగ్ అద్దె రోజుకింత. పైగా సంక్రాంతికి కుర్రాళ్లు ఊళ్లకి పోవాలి. కింద నిలబడి చూడాల్సిన పని ఉంటే ఇంకెవరినైనా నిలబెట్టు.

కాఫీ పిప్పి

పైనుంచి ఎవరైనా తనిఖీకి వస్తే వాడుకోవడానికి ఒక మాట చెబుతాను. ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్ ఆర్.ఎం.ఐ.టి. యూనివర్సిటీ వాళ్లు 2023లో కాఫీ పిప్పితో కాంక్రీటు బలం పెంచారు. ముప్పై శాతం దాకా పెరిగిందట. అరకంటే కాఫీ కదా, ఇంతకన్నా ఏం కావాలి! ఎస్టిమేటు వెనక ఆ పేపరు కటింగు కుట్టెయ్. నాలుగు కాఫీ దుకాణాల నుంచి పిప్పి తెప్పించి నేరుగా మిల్లర్లో పొయ్యి. వాళ్లు పిప్పిని అలాగే వెయ్యలేదు, గాలి సరిగా తగలకుండా 350 డిగ్రీల దగ్గర వేడిచేసి బొగ్గు చేశాక వేశారన్నది కటింగులో కిందెక్కడో ఉంటుంది. పచ్చి పిప్పి వేస్తే అందులోని సరుకు కారి కాంక్రీటుని గట్టిపడనివ్వదు. ఆ బొగ్గు తగ్గించిందీ ఇసుకని, సిమెంటుని కాదు. ఇవన్నీ అడిగేంత తీరిక తనిఖీకి వచ్చినవాళ్లకి ఉండదు, బొర్రా గుహలు మూసే వేళవుతుంది.

పొయ్యి బూడిద కూడా కలిపెయ్యమని ఒకరిద్దరు మేస్త్రులు అంటారు. కట్టెల బూడిదకీ థర్మల్ బూడిదకీ పోలిక లేదు, కానీ రంగు ఒకటే కదా.

పాత గది

నీ అంగన్‌వాడీ పక్కన పాత మట్టి గది ఉంటుంది, తప్పకుండా ఉంటుంది. రాతి పునాది, మూరెడు మందం మట్టిగోడ, పైన పెంకులు, ఎర్రమట్టితో అలికి ముగ్గులు పెట్టి. అందులో గ్రాము సిమెంటు లేదు. దాన్ని ముందు కూలగొట్టించు. ఎందుకో చెబుతాను. ఏప్రిల్‌లో మన స్లాబు గది కాగుతుంది, జనవరిలో బిగుసుకుపోతుంది. పాత గది ఉంటే పిల్లలు లేచి అందులోకి పోయి కూర్చుంటారు. ఆయమ్మ కూడా పోతుంది. ఫొటో తీసేవాడు అదే ఫొటో తీస్తాడు.

ఆ డిప్లొమా కుర్రాడు దీనిమీద కూడా నోరు చేసుకున్నాడు. గోడలకి రాయీ మట్టీ చాలు, సిమెంటంతా స్లాబుకీ పైన చుట్టూ కట్టే బీముకీ దాచుకోండి అన్నాడు. అలా అయితే కొలతల పుస్తకంలో ఏం రాస్తాం? మట్టిగోడకి రేటు ఎవరిస్తారు? ఉన్న మట్టిగోడ కూల్చడానికి మనసొప్పకపోతే కనీసం దాని మీద సిమెంటు పూత పుయ్యి. లోపలి చెమ్మ బయటికి రాలేక రెండు వానాకాలాల్లో అదే పెచ్చులూడుతుంది, కూల్చిన పాపం నీకు రాదు.

సీసీ రోడ్డు గురించి ఎక్కువ చెప్పను. వాలు మీద నీళ్లు పోయే కాలవ వెయ్యకుండా మందం పెంచు. కింద మట్టి కొట్టుకుపోయాక పైన ఆరంగుళాలైనా ఎనిమిదైనా విరగడం ఒకేలా విరుగుతుంది, కానీ ఎనిమిదికి బిల్లు ఎక్కువ.

క్యూబులు

చివరగా అసలు రహస్యం. క్యూబుల కోసం మాలు పని జరిగే చోట తియ్యకు. పక్కన చిన్న ఇనప రేకు మీద, పొడి ఇసుక, నల్ల కంకర, కొలిచిన నీళ్లు, తాజా బస్తా. ఓపిగ్గా కలిపి, మూడు వరసల్లో కూరి, తడి గోనె కప్పి, మర్నాడు విప్పి నీళ్ల తొట్టిలో వెయ్యి. 28 రోజులకి ల్యాబులో నొక్కితే ఎం-20కి ముప్పై దాకా చూపిస్తుంది. అంత బాగా కలపడం నీకు వచ్చని తెలిసి నీకే ఆశ్చర్యం వేస్తుంది. బస్తాలు కూడా తక్కువే పడతాయి. అలవాటు చేసుకోకు.

ఇంకో మాట. మొన్న మీ అమ్మ చెప్పింది, ఆ కుర్రాడి అక్కని ఇచ్చింది నీకు పని దొరికిన గూడెంలోనేనట. వాడు అప్పుడే వచ్చి దిగాడట, మూడు క్యూబు పెట్టెలు అద్దెకి తెచ్చుకున్నాడట. స్లాబు పోసే రోజు తట్టలోంచే మాలు తీసుకుంటాడు, వద్దంటే గూడెం మొత్తం అడుగుతుంది. తియ్యనీ. 28 రోజులు ఆగందే వాడి దగ్గర లెక్క తేలదు. నువ్వు ఇరవయ్యో రోజుకే బిల్లు పెట్టేయ్.

మీ మావయ్య